ఘనరూపములను గణించిన కెప్లరు

గ్రహములు సూర్యుని చుట్టు వృత్తములలో గాక దీర్ఘవృత్తములలో తిరుగుచున్నవని కనుగొన్న జోహాన్ కెప్లరు పేరు ఉన్నత పాఠశాలలో చదివినవారందరు వినియే యుందురు. కాని ఆ మహాశయుడే ద్రాక్షసారాయపు పీపాలో ఎంత సరకు పట్టునో లెక్కించుటకు ఒక గ్రంథము వ్రాసెననియు, ఫిరంగి గుండ్లను ఏ తీరున పేర్చినచో తక్కువ చోటులో ఎక్కువ ఇముడునో ఆలోచించెననియు, మంచుపువ్వునకు ఆరు రేకులే ఏల యుండవలెనని వితర్కించెననియు ఎరిగినవారు అరుదు. పొడవు వెడల్పులతోబాటు ఎత్తుకూడ గల ఆకృతులను ఘనరూపములందురు. ఇవి కెప్లరును యౌవనమునుండి మరణపర్యంతము విడువలేదు. వానిని మనస్సున ఊహించుట, కాగితముపై గీయుట, అంకెలలో గణించుట అను మూడు పనులను ఒక్క మనుష్యుడే తన కంటితో, చేతితో, బుద్ధితో చేయవలసిన కాలమది. ఆ శ్రమ ఎట్టిదో తెలియవలెనన్నచో ఆయన జీవితమును ఈ వైపునుండి చూడవలెను.

కెప్లరు 1571వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన జర్మనీ దేశమున వైల్ డెర్ స్టాట్ అను చిన్న పట్టణములో జన్మించెను. తండ్రి హైన్రిఖ్ జీతమిచ్చినవారి పక్షమున యుద్ధము చేయు కిరాయి సిపాయి. అతడు ఇంటనుండిన దినములు తక్కువ. కుమారుడు పెద్దవాడగుసరికి ఇల్లు విడిచిపోయి మరల రాలేదు. తల్లి కాతరీన పూటకూళ్లవాని కుమార్తె. ఆకుపసరులు, వేరుమందులు ఎరిగిన స్త్రీ. ఈ మందుల పరిజ్ఞానమే కడపట ఆమె ప్రాణముమీదికి తెచ్చెను. బాల్యమున మశూచికము సోకి కెప్లరు చూపు మందగించెను. చేతులు పటుత్వము కోల్పోయెను. ఆకాశమును చూచి బ్రతుకవలసినవానికి కన్నులును, చిత్రములు గీయవలసినవానికి చేతులును చెడుట విధివైపరీత్యమే. ఆరేండ్ల ప్రాయమున, 1577లో, తల్లి ఆయనను ఒక మిట్టపైకి తీసికొనిపోయి తోకచుక్కను చూపెను. ఆ దృశ్యమును ఆయన జీవితాంతము మరువలేదు.

పేదయింటి బిడ్డయైనను ప్రభువుల విద్యార్థివేతనముతో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమున చేరి మతాచార్యుడగుటకు చదువుచుండెను. అచ్చట మైకేల్ మేస్ట్లిన్ అను ఆచార్యుడు భూమి సూర్యుని చుట్టు తిరుగుచున్నదను కోపర్నికసు సిద్ధాంతమును ఆయనకు పరిచయము చేసెను. చదువు ముగియకమునుపే, 1594లో, ఆస్ట్రియాలోని గ్రాజ్ పట్టణపు పాఠశాలలో గణితోపాధ్యాయుని స్థానము ఖాళీయై కెప్లరును అచ్చటికి పంపిరి. ఉపాధ్యాయుడుగా ఆయన రాణించెనని చెప్పుటకు వీలులేదు. మొదటి యేట గణిత తరగతిలో కొద్దిమందియే చేరిరి. రెండవ యేట ఒక్కరును చేరలేదు. అయినను ఆ పాఠశాలలోనే, 1595వ సంవత్సరము జూలై 19వ తేదీన, పాఠము చెప్పుచు వృత్తములో త్రిభుజమును గీయుచుండగా ఆయన కొక తలంపు మెరసెను. ఆ తలంపు ఆయన జీవితమును మలుపు త్రిప్పెను.

ఆ తలంపును గ్రహించుటకు ముందు ఒక చిన్న సంగతి తెలియవలెను. ముఖములన్నియు ఒకే తీరు సమభుజులై, ప్రతి మూలయు ఒకే తీరుననుండు ఘనరూపములు ఐదు మాత్రమే కలవు. ఇందుకు కారణము అతి సులభము. ఒక మూల ఏర్పడవలెనన్న కనీసము మూడు పలకలు కలియవలెను. ఆ కలిసిన కోణముల మొత్తము 360 అంశలకు తక్కువగా నుండవలెను. 360 అయినచో మూల లేవక బల్లపరుపైపోవును. సమబాహు త్రిభుజములను మూడింటినిగాని, నాలుగింటినిగాని, ఐదింటినిగాని కలుపవచ్చును. చతురస్రములను మూడింటిని, పంచభుజులను మూడింటిని మాత్రమే కలుపవచ్చును. షడ్భుజులు మూడు కలిసిన 360 అంశలు నిండిపోవును. కావున చతుర్ముఖి, అష్టముఖి, వింశతిముఖి, ఘనము, ద్వాదశముఖి అను ఐదే నిలిచినవి. అట్టముక్కలు కత్తిరించి అతికించినచో బాలురుకూడ ఈ నిజమును చేతితో తెలిసికొనగలరు.

ఆనాటికి తెలిసిన గ్రహములు భూమితో కలిపి ఆరు. ఆరు గ్రహముల నడుమ ఎడములు ఐదు, సమఘనరూపములును ఐదు! సృష్టికర్త ఈ ఐదింటిని ఒకదానిలో ఒకటి ఇమిడ్చి గ్రహముల దూరములను నిర్ణయించెనని కెప్లరు భావించెను. శనిగోళములో ఘనము, దానిలో గురుగోళము, దానిలో చతుర్ముఖి, దానిలో కుజగోళము, దానిలో ద్వాదశముఖి, దానిలో భూగోళము, దానిలో వింశతిముఖి, దానిలో శుక్రగోళము, దానిలో అష్టముఖి, కడపట బుధగోళము. దీనిని విపులీకరించు గ్రంథమును ఇరువదియైదేండ్ల ప్రాయముననే, 1596లో, ట్యూబింగెనులో అచ్చొత్తించెను. అందు గిన్నెలో గిన్నె అమర్చినట్లు ఘనరూపములన్నియు ఒకదానిలోనొకటి కానవచ్చు పెద్ద చిత్రపటము కలదు. నేటికిని విజ్ఞానచరిత్ర గ్రంథములలో దానిని పునర్ముద్రించుచునే యుందురు. వుర్టెంబర్గు ప్రభువునకు ఈ ఆకృతిలో ఒక వెండి పానపాత్రను చేయింపవలెనని కెప్లరు విన్నవించి, కాగితముతో స్వయముగా నమూనా చేసి పంపెను. ప్రభువు కొంతకాలము ఉత్సాహము చూపెను. పాత్ర మాత్రము పూర్తికాలేదు.

ఊహ ఎంత అందమైనదైనను కొలతకు నిలువవలెను. ఘనమునకు వెలుపల తాకు గోళముయొక్క వ్యాసార్ధము 1000 అయినచో, లోపల తాకు గోళముయొక్క వ్యాసార్ధము 577. శని దూరమును 1000గా తీసికొన్నచో గురు దూరము ఇంచుమించు 545. ఇది కొంత దగ్గరగానే యున్నది. చతుర్ముఖికి ఆ సంఖ్య 333. గురు కుజుల విషయమున ఆకాశమిచ్చు సంఖ్య 293. ఇతర గ్రహముల విషయమునను ఇట్టి తేడాలే కలవు. గోళములకు కొంత మందము కల్పించి కెప్లరు వీనిని సర్దుటకు యత్నించెను. తృప్తి కలుగలేదు. తప్పు తన ఊహలోనున్నదా, కోపర్నికసు ఇచ్చిన దూరములలోనున్నదా అని సందేహించి, శ్రేష్ఠమైన పరిశీలనలకై వెదకసాగెను. ఆ కాలమున అట్టి పరిశీలనలు టైకో బ్రాహే అను డేనిష్ జ్యోతిష్కుని యొద్ద మాత్రమే యుండెను. 1600లో మతవైరములవలన గ్రాజ్ పట్టణమునుండి వెడలగొట్టబడిన కెప్లరు ప్రాగు నగరమునకు పోయి టైకోను ఆశ్రయించెను. మరుసటి యేట టైకో మరణింపగా రుడాల్ఫు చక్రవర్తి ఆస్థాన గణితజ్ఞుని పదవి కెప్లరునకు లభించెను.

ప్రాగులో గడచిన సంవత్సరముల కథ సుప్రసిద్ధము. కుజుని మార్గమును వృత్తముగా భావించి లెక్కించినప్పుడు పరిశీలనకును లెక్కకును ఎనిమిది కళల తేడా వచ్చెను. ఒక అంశలో అరువదవ భాగము కళ. ఎనిమిది కళలనగా నిండు చంద్రబింబపు వెడల్పులో ఇంచుమించు నాలుగవ వంతు. మరియొకడైనచో దానిని లక్ష్యపెట్టడు. కెప్లరు దానినే పట్టుకొని, ఒకే విధమగు సుదీర్ఘ గణితమును డెబ్బది పర్యాయములు చేసి, తుదకు వృత్తమునే విడిచి దీర్ఘవృత్తమును స్వీకరించెను. ఆ గ్రంథము 1609లో వెలువడెను.

అప్పటికి చక్రవర్తి ఖజానా వట్టిపోయెను. జీతము సరిగా అందుటలేదు. 1611వ సంవత్సరపు ప్రారంభమున మిత్రుడైన వాకర్ అను రాజోద్యోగికి నూతన సంవత్సర కానుక ఇయ్యవలెను. చేత సొమ్ము లేదు. వంతెనమీద నడచుచుండగా కోటుపై మంచుపువ్వులు రాలెను. ప్రతి పువ్వునకు ఆరు కోణములే! ఇదే తగిన కానుకయని తలచి, మంచుపువ్వు షట్కోణముగా ఏల యుండవలెనని విచారించు చిన్న పుస్తకమును వ్రాసి సమర్పించెను. లాటిను భాషలో మంచునకు గల పేరు జర్మనులో ఏమియులేదను మాటవలె ధ్వనించును. ఏమియులేనివాడు ఏమియులేనిదానిని కానుకగా ఇచ్చుచున్నాడని ఆయన తన పేదరికముమీద తానే పరిహాసమాడుకొనెను.

ఆ చిన్న పుస్తకములో తేనెపట్టు గదులును, దానిమ్మగింజలును వచ్చును. గుండ్రని గింజలు పండులో ఒత్తిడికి లోనై పెరుగుచు, సందులు నింపుకొని, సమబాహు చతుర్భుజములగు పండ్రెండు పలకలు గల ఆకృతిని పొందునని ఆయన వివరించెను. దానిమ్మపండు ఒలిచినవారెవరైనను ఆ పలకలను చూడవచ్చును. అచ్చటనే గుండ్ల పేర్పును గురించియు ప్రస్తావించెను. సంతలో బత్తాయిలమ్మువారు ఒక వరుసపై మరియొక వరుసను, క్రింది పండ్ల నడిమి గుంటలలో పై పండ్లు కూర్చుండునట్లు, గోపురముగా పేర్చుదురు గదా! సమానమగు గోళములను ఇంతకంటె దట్టముగా పేర్చుట అసాధ్యమని కెప్లరు వ్రాసెను. అట్టి గోపురములో ఎన్ని గుండ్లుండునో లెక్కించు సూత్రము ఆర్యభటీయములో ఆయనకు పదకొండు శతాబ్దముల ముందే కలదు. దట్టమగు పేర్పు ఏదియను ప్రశ్న వేరు. కెప్లరు ఋజువు చూపలేదు. ఆ ఒక్క వాక్యము గణితజ్ఞులకు నాలుగు వందల యేండ్ల పనియయ్యెను.

కానుకతో ప్రారంభమైన 1611వ సంవత్సరము శోకముతో నిండిపోయెను. ఆరేండ్ల కుమారుడు ఫ్రీడ్రిఖ్ మశూచికమునకు ఆహుతియయ్యెను. భార్య బార్బరా జ్వరముతో గతించెను. రుడాల్ఫు సింహాసనము కోల్పోయెను. మరుసటి యేట కెప్లరు మిగిలిన బిడ్డలతో డాన్యూబు నదీతీరమునందలి లింజ్ పట్టణమునకు తరలిపోయి జిల్లా గణితజ్ఞుడుగా కుదురుకొనెను. 1613 అక్టోబరులో సుసానా అను అనాథ కన్యను వివాహమాడెను.

ఆ యేడు ద్రాక్షపంట విరివిగా పండెను. నదిమీద వచ్చిన పీపాలు లింజ్ ఒడ్డున గుట్టలుగా పడియుండెను. ధర చౌకగా నుండెను. క్రొత్తగా సంసారము పెట్టిన గృహస్థుడు ఇంటికి కావలసిన సారాయమును కొని నేలమాళిగలో దింపించుకొనెను. కొన్ని దినములకు అమ్మినవాడు సరకు కొలుచుటకు వచ్చెను. అతనిచేత ఒక్క కొలతపుల్ల తప్ప మరేమియు లేదు. పీపా నడుమనున్న బిరడా రంధ్రములో పుల్లను ఏటవాలుగా దూర్చి, పీపామూత అడుగంచునకు తాకించి, రంధ్రమువద్ద పుల్లపైనున్న అంకెను చదివి, ఇన్ని కొలతలని ధర కట్టెను. పొట్టి పీపాయైనను పొడుగు పీపాయైనను అదే పుల్ల, అదే అంకె. రైను నదీతీరమున ఇట్టి పీపాలను కుంచములతో పోసి శ్రమపడి కొలుచుట కెప్లరు ఎరిగియుండెను. ఒక్క ఏటవాలు పొడవునుబట్టి లోపలి ఘనపరిమాణమంతయు ఎట్లు తెలియును? మోసమేమైన కలదా? పెండ్లియైన నూతనదినములలోనే ఆయన ఈ లెక్కతో కూర్చుండెను.

ఈ సందేహము సకారణమేయని చూపుటకు ఒక ఉదాహరణము చాలును. పుల్ల 50 అంగుళములు తాకినదనుకొందము. పీపా సమానమగు గొట్టమువలె నుండి, వ్యాసము 40, పొడవు 60 అంగుళములైనచో పుల్ల సరిగా 50 చూపును. లోపల ఇంచుమించు 75,400 ఘనాంగుళముల సరకు పట్టును. వ్యాసము 22, పొడవు 89 అంగుళములుగా సన్నని పీపా చేసినను పుల్ల ఇంచుమించు 50నే చూపును. కాని అందు పట్టునది ఇంచుమించు 33,800 మాత్రమే. సగమైనను లేదు! అట్టి పీపాలో కొన్నవాడు నీటిమీద వ్రాతకు సొమ్ము చెల్లించినట్లే.

అయినను లింజ్ వర్తకుడు మోసగాడు కాడని కెప్లరు తేల్చెను. ఒకే ఏటవాలు పొడవు గల గొట్టములన్నిటిలో అత్యధికముగా పట్టునది ఏదియని ఆయన విచారించెను. పొడవు వ్యాసమునకు 2 యొక్క వర్గమూలమంత, అనగా 1.414 రెట్లున్నది అత్యధికము. 50 అంగుళముల పుల్లకు అట్టి పీపాలో 75,575 ఘనాంగుళములు పట్టును. ఆస్ట్రియా పీపాలు చేయు వడ్రంగులు తమ తాతముత్తాతల నాటినుండి పొడవు వ్యాసమునకు ఒకటిన్నర రెట్లుండునట్లు చేయుచుండిరి. పైన చెప్పిన 40, 60 అంగుళముల పీపా అట్టిదే. రెంటికిని తేడా 177 ఘనాంగుళములు, అనగా వేయింట రెండు మూడు పాళ్లు. ఇంతియే గాదు. కొండశిఖరముపై నాలుగడుగులు ఇటునటు వేసినను ఎత్తు పెద్దగా తగ్గనట్లు, అత్యధికమగు పరిమాణమునకు సమీపమున ఆకృతి కొంచెము మారినను పరిమాణము మారదు. వడ్రంగి చేయి కొంత అటునిటైనను పుల్ల చెప్పు మాట తప్పదు. లెక్కలెరుగని పనివారు అనుభవముచేతనే శిఖరమునకు చేరుకొనిరని కెప్లరు ఆశ్చర్యపడెను. తరువాతి కాలమున కలనగణితమునకు పునాదియైన తత్త్వము ఈ పీపా అడుగుననే కానవచ్చుట గమనింపదగినది.

పీపా నిజమునకు గొట్టము కాదు, నడుము ఉబ్బియుండును. కావున కెప్లరు ఇంకను ముందునకు పోయెను. ఒక వక్రరేఖను ఇరుసు చుట్టు త్రిప్పినచో కుమ్మరిసారెపై కుండ లేచినట్లు ఘనరూపము లేచును. వృత్తము, దీర్ఘవృత్తము మొదలగు రేఖలను వేర్వేరు ఇరుసుల చుట్టు త్రిప్పి తొంబదిరెండు విధముల ఆకృతులను ఆయన వర్ణించెను. కొన్నిటికి ఆపిలు, నిమ్మ అని పండ్ల పేర్లు పెట్టెను. ఒకదానికి తురుష్కుల తలపాగా పేరు పెట్టెను. రెండు కొనలు కోసిన నిమ్మపండే పీపా. వీని పరిమాణమును కనుగొనుటకు ఘనరూపమును పలుచని పొరలుగా కోసి, పొరలన్నిటిని కూడుట ఆయన పద్ధతి. గోళమును కేంద్రమువద్ద కొనలు కలిసిన లెక్కలేనన్ని సన్నని శంకువుల కట్టగా భావించెను. కంకణమును సన్నని ముక్కలుగా తరిగి, వానిని వరుసగా నిలిపి, తిన్నని గొట్టముగా మార్చి కొలిచెను. ఆర్కిమెడీసు పాటించిన కఠిన నియమములు ఇందు లేవని స్కాట్లండు గణితజ్ఞుడు ఆండర్సన్ మరుసటి యేటనే ఖండించెను. ఆక్షేపణ న్యాయమైనదే. పద్ధతి మాత్రము నిలిచెను. నేడు కంప్యూటరులోని గణిత సాఫ్ట్‌వేరునకు ఒక వక్రరేఖను, ఒక ఇరుసును చెప్పినచో అది ఉపరితలమును వేలకొలది చిన్న త్రిభుజములుగా విభజించి తెరపై చిత్రించును. పొరలను కూడి పరిమాణమును చెప్పును. ముక్కలు చేసి కూడుట రెండుచోట్లను ఒక్కటియే. కెప్లరు చేతితో చేసిన కూడికలను యంత్రము క్షణములో చేయుచున్నది.

ఈ గ్రంథమును అచ్చువేయుటకు వర్తకులు ముందునకు రాలేదు. పీపాలను గురించి లాటినులో చదువువారెవరని వారి సందేహము. కడకు 1615లో కెప్లరు సొంత ఖర్చుతో లింజ్‌లోనే అచ్చొత్తించెను. మరుసటి యేట, సామాన్యులకు ఉపయోగపడునట్లు, జర్మను భాషలో సులభముగా తిరుగ వ్రాసెను. పండితుల భాషలో చెప్పినదానిని పనివారి భాషలో మరల చెప్పుటకు పూనుకొన్న పండితులు ఆ కాలమున ఎక్కువమంది లేరు.

గ్రంథము వెలువడిన యేడే పుట్టినచోటునుండి దుర్వార్త వచ్చెను. డెబ్బది యేండ్లకు సమీపించుచున్న తల్లి కాతరీన చేతబడి చేయునదని పొరుగు స్త్రీ యొకతె నేరము మోపెను. ఆమె ఇచ్చిన మందు త్రాగి జబ్బుపడితినని ఫిర్యాదు. ఆ కాలమున అట్టి నేరమునకు ఫలితము చితిమంటయే. వ్యాజ్యము ఆరేండ్లు సాగెను. 1620లో వృద్ధురాలిని సంకెళ్లువేసి పదునాలుగు నెలలు చెరలోనుంచిరి. కెప్లరు లింజ్ విడిచి వచ్చి, ఒక్కొక్క సాక్ష్యమును గణితములోని మెట్టువలె పరీక్షించి, ప్రతివాదన వ్రాసెను. ఆమెకు చిత్రహింస పరికరములను చూపి భయపెట్టిరి, ఆమె ఒప్పుకొనలేదు. 1621 శరత్తున విడుదలయై, ఆరు నెలలకే కన్నుమూసెను.

ఈ వ్యాజ్యపు పనిమీద 1617లో స్వదేశమునకు వచ్చినప్పుడే కెప్లరునకు విల్హెల్మ్ షికార్డు అను యువకునితో పరిచయమయ్యెను. షికార్డు మతసేవకుడు, హీబ్రూ పండితుడు, అన్నిటికి మించి చేతిపనియందు నిపుణుడు. చూపు మందగించిన కెప్లరు తన తదుపరి గ్రంథమునకు కావలసిన చిత్రములను గీసి చెక్కు పనిని అతనికి అప్పగించెను. 1619లో వెలువడిన ఆ గ్రంథములోనే గ్రహముల మూడవ సూత్రము కలదు. ఘనరూపముల ప్రకరణముకూడ అంతే విలువైనది. రెండు మూడు జాతుల సమభుజులతో ఏర్పడు పదుమూడు ఘనరూపములను, ఆర్కిమెడీసు ఎరిగియుండియు లోకము మరచినవానిని, కెప్లరు మరల వరుసగా సాధించి, పేర్లు పెట్టి, చిత్రములతో ప్రకటించెను. పంచభుజి నక్షత్రములతో ఏర్పడు రెండు క్రొత్త ఘనరూపములనుకూడ చేర్చెను. వానివంటివి మరి రెండు కలవని పాయిన్సో అను ఫ్రెంచి గణితజ్ఞుడు 1809లో కనుగొనెను. అంతకు మించి లేవని కోషీ కొలది యేండ్లకు ఋజువు చేసెను.

చిత్రములు గీసిన షికార్డే లెక్కల భారమును తగ్గించుటకును పూనుకొనెను. నేపియరు కనుగొన్న సంవర్గమానములను కెప్లరు ఆనందముతో స్వీకరించి, తానుగా వానికి ఋజువు కల్పించి, 1624లో పట్టికలు ప్రకటించెను. ముసలి ఆచార్యుడు మేస్ట్లినునకు మాత్రము లెక్కలు చేయుటకు ఈ దగ్గరిదారి రుచింపలేదు. దానికి ముందటి యేడే షికార్డు పండ్లచక్రములతో కూడికలు, తీసివేతలు తనంత చేయు యంత్రమును నిర్మించితినని కెప్లరునకు లేఖ వ్రాసెను. ఆరు అంకెలవరకు లెక్క సాగును. పది నిండగానే ప్రక్క చక్రము తానే ఒక పన్ను జరుగును. కెప్లరు కొరకు అట్టిదే మరియొక యంత్రము తయారగుచుండగా, 1624 ఫిబ్రవరిలో, ఒక రాత్రి పనివాని ఇంట నిప్పంటుకొని అది కాలిపోయెను. మరల చేయించుటకు వీలుపడలేదు. ఒంటరిగా అంకెలతో పోరాడిన ఆ వృద్ధగణకునకు యంత్రము చేతికందునంతలో జారిపోయెను!

టైకో పరిశీలనలనుండి సిద్ధపరచిన గ్రహగణిత పట్టికలు 1627లో ఉల్మ్ పట్టణమున అచ్చుపడినవి. అచ్చట నుండినప్పుడు పట్టణపు పెద్దలు తమ కొలతలు తికమకగా నున్నవని, వానిని సరిచేయుమని కోరిరి. కెప్లరు ఒక్క కంచుగంగాళమును కల్పించి అన్ని కొలతలను అందులో ఇమిడ్చెను. దాని లోతు రెండు అడుగులు. వ్యాసము ఒక మూర. అందు పట్టు ద్రవము పట్టణపు పెద్ద కొలత ఒక్కటి. వట్టి గంగాళము మూడున్నర జెంట్నెరుల బరువు. డాన్యూబు నీటితో నింపినచో సరిగా ఏడు. పీపా కొలిచిన విద్య ఒక పట్టణపు సంతకంతటికి తూనికయు కొలతయు అయ్యెను. ఆ గంగాళము ఉల్మ్ పట్టణమున నేటికిని భద్రముగా నున్నది.

కాని కెప్లరునకు రావలసిన జీతపు బాకీ ఇంచుమించు పండ్రెండు వేల నాణెములు. పట్టికల ముఖచిత్రములో రాజచిహ్నమగు గ్రద్ద ముక్కునుండి నాణెములు రాలుచుండగా, క్రింద కెప్లరు దీపమువద్ద లెక్కలు చేసికొనుచున్నట్లు చిత్రించిరి. చిత్రములో రాలినంత ధారాళముగా నిజజీవితమున రాలలేదు. 1630 శరత్తున బాకీలు రాబట్టుకొనుటకు బక్కగుర్రముపై రెగెన్స్‌బర్గు పట్టణమునకు పోయెను. చలిగాలికి జ్వరము తగిలి నవంబరు 15వ తేదీన, యాబదియెనిమిదేండ్ల ప్రాయమున, పరలోకగతుడయ్యెను. కొలది యేండ్లకే యుద్ధములో ఆ శ్మశానవాటిక నాశనమయ్యెను. సమాధియున్న చోటు తెలియదు.

ఆయన వ్రాతప్రతులను 1773లో రష్యా రాణి కాతరీన్ కొనిపించెను. ఆ కాగితములలో షికార్డు యంత్రపు రేఖాచిత్రము బయటపడగా, దాని ఆధారముతో 1960లో ట్యూబింగెనులో యంత్రమును పునర్నిర్మించిరి. ఘనరూపములలో గ్రహములనిమిడ్చిన ఊహ మాత్రము నిలువలేదు. 1781లో యురేనసు, 1846లో నెప్ట్యూను కనబడగానే దానికి తావే లేకపోయెను. కెప్లరు తన జీవితాంతము ఆ ఊహను విడువలేదు. అందులోని తేడాలను దాచనులేదు.

గుండ్ల పేర్పు కథ మరియొక విధముగా ముగిసెను. బత్తాయిల గోపురములో పండ్లు చోటులో నూటికి 74 పాళ్లు నింపును. ఇంతకంటె దట్టమగు పేర్పు లేదని ఋజువు చేయుటకు మహాగణితజ్ఞులు తరతరములు యత్నించిరి. 1998లో అమెరికా గణితజ్ఞుడు థామస్ హేల్స్, తన శిష్యుడు ఫెర్గూసన్ సహాయముతో, వేలకొలది అమరికలను కంప్యూటరుచేత పరీక్షింపజేసి ఋజువు పూర్తియైనదని ప్రకటించెను. పండ్రెండుగురు పరీక్షకులు నాలుగేండ్లు శ్రమించి, నూటికి తొంబదితొమ్మిది పాళ్లు నమ్మకము కుదిరినదిగాని లెక్కలన్నిటిని సరిచూచుట మనుష్యులకు సాధ్యము కాదనిరి. హేల్స్ అంతటితో తృప్తిచెందలేదు. ఋజువులోని ప్రతి మెట్టును కంప్యూటరు సరిచూచునట్లు అనేకుల సహకారముతో మరల వ్రాయ మొదలుపెట్టి, 2014 ఆగస్టులో ముగించెను. సొమ్ములేని గణితజ్ఞుడు మిత్రునికి మంచుపువ్వును కానుకగా ఇచ్చుచు వ్రాసిన ఆ ఒక్క వాక్యమునకు, యంత్రము సరిచూచిన ఋజువు 2017లో అచ్చుపడెను.